క్యోటో అక్వేరియం రివ్యూ: పెంగ్విన్లు ఎలాగూ చూస్తారు, సాలమాండర్ దగ్గర ఇంకాసేపు ఆగండి

క్యోటోకి వచ్చే మనవాళ్లలో చాలామంది ఫుషిమి ఇనారి ఎర్ర తోరణాలు, కింకకుజి బంగారు గుడి, అరషియామా వెదురు తోపు చూసేసి సాయంత్రానికి షింకన్‌సెన్ బుల్లెట్ రైలు ఎక్కేస్తారు. తప్పేం లేదు, అవి చూడాల్సినవే. కానీ వెంట చిన్నపిల్లలున్నా, గుళ్ల మెట్లెక్కి మోకాళ్లు పట్టేసిన పెద్దవాళ్లున్నా ఒక పూట క్యోటో అక్వేరియంకి పెట్టుకోండి. ఒసాకాలో కైయుకాన్ అక్వేరియం ఉంది కదా, అందులో వేల్ షార్క్ కూడా ఉంది, ఇంక ఇదెందుకు అని నన్ను చాలామంది అడిగారు. సైజులో కైయుకాన్‌కి ఇది పోటీ కాదు, నిజమే. క్యోటో అక్వేరియంకి వెళ్లాల్సింది రెండే రెండు ప్రాణుల కోసం. ఒకటి ఆఫ్రికన్ పెంగ్విన్, ఇంకొకటి జపనీస్ జెయింట్ సాలమాండర్. ఒకటి పక్షి, ఇంకొకటి కప్పల వైపు చుట్టం, అంటే ఉభయచరం. రెండూ అంతరించిపోయే ముప్పులో ఉన్నవే. ఒకే టికెట్ మీద, ఒకే బిల్డింగులో రెండింటినీ పక్కపక్కన పెట్టి ఆలోచించే అవకాశం దొరుకుతుంది కాబట్టి ఈ రివ్యూలో ఎక్కువ భాగం వాటి గురించే రాస్తున్నాను, మిగతావి చివర్లో గబగబా చెప్పేస్తాను.

వెళ్లడం తేలిక. క్యోటో స్టేషన్ నుంచి పడమటి వైపు నడిస్తే పావుగంటలో ఉమెకోజి పార్కు వస్తుంది, అక్వేరియం అందులోనే. నడవలేని వాళ్లుంటే జేఆర్ సగానో లైన్లో ఒకే ఒక్క స్టాప్, ఉమెకోజి క్యోటోనిషి, 2019లో కట్టిన స్టేషన్, అక్కడ దిగితే ఇంకా దగ్గర. ఆ పక్కనే రైల్వే మ్యూజియం కూడా ఉంది, రైళ్ల పిచ్చి ఉన్న పిల్లలైతే ఆ రోజు అక్కడే గడిచిపోతుంది. పెద్దవాళ్ల టికెట్ రెండు వేల యెన్‌ల పైనే. మనకి కాస్త ఎక్కువే అనిపిస్తుంది గానీ జపాన్‌లో మంచి అక్వేరియాలన్నీ ఆ ధరల్లోనే ఉంటాయి. టికెట్ మాత్రం అక్వేరియం సొంత వెబ్‌సైట్లోనో, అక్కడి కౌంటర్లోనో కొనుక్కోండి. నేనొకసారి ఏదో టూర్ సైట్లో కొంటే వాళ్లు పంపిన క్యూఆర్ కోడ్ గేటు దగ్గర తెరుచుకోలేదు, వాళ్ల కస్టమర్ కేర్ ఫోన్ ఎత్తలేదు, చివరికి కౌంటర్లో మళ్లీ కొనుక్కుని లోపలికి వెళ్లాను.

లోపలికి అడుగుపెట్టగానే మొదట వచ్చేది క్యోటో నదుల విభాగం, అందులోనే జెయింట్ సాలమాండర్లు. ఇక్కడే చాలామంది పొరపాటు చేస్తారు. ఇంకా డాల్ఫిన్లున్నాయి, పెంగ్విన్లున్నాయి, తొందరగా పదండి అని పిల్లల్ని లాక్కుంటూ ఆ అద్దం ముందు నుంచి వెళ్లిపోతారు. వాళ్లని అనడానికీ లేదు, ఎందుకంటే మొదటి చూపులో అక్కడ ఏమీ ఉన్నట్టుండదు. మూలన నాలుగు పెద్ద రాళ్లు ఒకదాని మీద ఒకటి పడేసినట్టు ఉంటాయి. కాసేపు చూస్తే ఆ రాళ్లకి వేళ్లు కనబడతాయి. ముందు కాళ్లకి నాలుగేసి, వెనక కాళ్లకి ఐదేసి, చిన్నపిల్లల చేతి వేళ్లలా బొద్దుగా. ఆ తర్వాత తల ఎక్కడుందో తెలుస్తుంది, వెడల్పాటి చదును తల, దాని మీద గుండుసూది తలంత కళ్లు, వాటికి రెప్పలు కూడా ఉండవు. ఒళ్లంతా గోధుమ రంగు మీద నల్ల మచ్చలు. పక్కల వెంబడి మెడ దగ్గర నుంచి తోక దాకా ముడతలు ముడతలుగా వేలాడే చర్మం. మీటరు పైన పొడుగున్నవి ఉంటాయి. ఈ జాతి గరిష్ఠంగా ఒకటిన్నర మీటర్ల దాకా పెరుగుతుంది, ప్రపంచంలో ఇంతకన్నా పెద్ద ఉభయచరాలు చైనాలో ఉన్న దీని దాయాదులు మాత్రమే.

మా అత్తయ్యగారు రాజమండ్రి నుంచి వచ్చినప్పుడు తీసుకెళ్తే, అద్దానికి ముఖం ఆనించి చాలాసేపు చూసి, "ఇది బతికే ఉందంటావా అమ్మాయ్?" అన్నారు. అది కదలడానికి అంత టైము తీసుకుంటుంది మరి. ఆ ముడతల చర్మాన్ని చూస్తూ ఉండండి, అక్కడే అసలు విషయం ఉంది. పెద్దయిన సాలమాండర్‌కి మొప్పలు ఉండవు, ఊపిరితిత్తులున్నా వాటి మీద పెద్దగా ఆధారపడదు, నీళ్లలోని ఆక్సిజన్‌ని ముఖ్యంగా చర్మంతోనే పీల్చుకుంటుంది. ఆ ముడతలు ఎంత ఎక్కువుంటే నీళ్లకి తగిలే చర్మం అంత ఎక్కువ. అందుకే దానికి చల్లటి, వేగంగా పారే, శుభ్రమైన ఏటి నీళ్లు కావాలి. నిలవ నీళ్లలో, వేడెక్కిన నీళ్లలో దానికి ఊపిరాడదు. మధ్యమధ్యలో ఒక్కోటి మెల్లగా తల పైకెత్తి, ముక్కు నీటి పైకి తెచ్చి, గుక్కెడు గాలి తీసుకుని మళ్లీ కిందికి దిగిపోతుంది. ఆ ఒక్క దృశ్యం కోసం పది నిమిషాలు నిలబడినా నాకు విసుగు రాలేదు, అత్తయ్యగారైతే అది దిగాక ఇంకోటి లేస్తుందేమోనని అక్కడే ఉండిపోయారు.

తిండి విషయంలో దాని పద్ధతే వేరు. పగలంతా గట్టు కింది బొరియల్లో పడుకుని రాత్రి బయటికొస్తుంది. వెంటాడి పట్టడం దానికి చేతకాదు, కూర్చున్న చోటే కూర్చుని, చేపో పీతో కప్పో నోటి దగ్గరికి వచ్చేదాకా ఆగి, ఒక్కసారిగా నోరు తెరుస్తుంది. ఆ ఊపుకి నీళ్లతో సహా ఆ జీవి లోపలికి వెళ్లిపోతుంది. దొరక్కపోతే వారాల తరబడి తినకుండా ఉండగలదు. ఆయుష్షు కూడా అంతే నిదానం. 19వ శతాబ్దంలో సీబోల్డ్ అనే జర్మన్ వైద్యుడు జపాన్ నుంచి నెదర్లాండ్స్‌కి ఒక బతికున్న సాలమాండర్‌ని తీసుకెళ్తే అది అక్కడ యాభై ఏళ్లకు పైగా బతికి 1881లో ఆమ్‌స్టర్‌డామ్ జూలో చనిపోయింది. మనం అద్దం దగ్గర చూసే వాటిలో మనకంటే వయసులో పెద్దవి ఉన్నా ఆశ్చర్యం లేదు.

ఇంకో సంగతి, ఇది పెంగ్విన్‌తో పోల్చేటప్పుడు మళ్లీ కావాలి. ఆగస్టు చివర్లో, సెప్టెంబరులో ఆడవి ఏటి గట్టులోని బొరియలో గుడ్లు పెట్టి వెళ్లిపోతాయి, ఒక్కోటి వందల్లో పెడుతుంది. ఆ బొరియకి యజమాని మగది. జపాన్‌లో దాన్ని "నుషి" అంటారు, ఆ చోటికి పెద్ద అని. గుడ్ల దగ్గర కాపలా ఉండేది అదే, తోకతో నీళ్లు విసిరి గుడ్లకి గాలి ఆడేలా చేసేది అదే, పాడైపోయిన గుడ్లని ఏరి తినేసి మిగతావాటికి బూజు అంటకుండా చూసేదీ అదే. గుడ్లు పిల్లలయ్యాక కూడా చలికాలమంతా వాటితోనే ఉండి, అవి బయటికి వెళ్లేదాకా కదలదు. తల్లి పాత్ర గుడ్లు పెట్టేదాకానే.

ఇప్పుడు దీనికొచ్చిన కష్టం. జపాన్ పశ్చిమ భాగంలోని వాగుల్లో తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా ఈ జాతి లేదు. 1952 నుంచి దీనికి ప్రత్యేక సహజ స్మారకం హోదా ఉంది, అనుమతి లేకుండా పట్టుకోవడం నేరం. అయినా వాగులకి రెండు వైపులా కాంక్రీట్ గోడలు కట్టేశారు, ఆ గోడల్లో బొరియలుండవు. అడుగడుగునా చిన్న చిన్న ఆనకట్టలు వేశారు, గుడ్లు పెట్టడానికి ఎగువకి పోదామంటే నిలువు గోడ ఎక్కలేదు. ఇదంతా మనకీ తెలిసిన కథే, ఏ దేశంలోనైనా వాగులకి జరిగేది ఇదే. క్యోటోలో జరిగింది మాత్రం వేరే. 1970లలో తినడానికని చైనా నుంచి జెయింట్ సాలమాండర్లని దిగుమతి చేసుకున్నారు. వాటిలో కొన్ని ఎలాగో నదుల్లోకి చేరాయి. అవి పెద్దవి, బలమైనవి, మంచి బొరియలు ఆక్రమించేశాయి, స్థానిక జాతితో కలిశాయి, సంకర జాతి పుట్టింది. ఆ సంకరం వంధ్యం కాదు, దానికీ పిల్లలు పుడతాయి. క్యోటో నగరం మధ్యలోంచి పారే కమో నదిలో పరిశోధకులు పట్టి చూస్తే అత్యధిక శాతం సంకరాలే తేలాయి. బయటికి చూస్తే పెద్దగా తేడా తెలియదు, నోట్లోంచి నమూనా తీసి డీఎన్‌ఏ పరీక్ష చేయాల్సిందే.

నాకు ఈ సంగతి తెలిసిన దగ్గర నుంచి ఆ అద్దం ముందు మామూలుగా నిలబడలేకపోతున్నాను. ఒక జాతి తగ్గిపోతోందంటే నదిలో అది కనబడడం మానేస్తుందని అనుకుంటాం కదా. ఇక్కడ అలా జరగదు. కమో నదిలో రేపు కూడా సాలమాండర్లు ఉంటాయి, వానలొచ్చినప్పుడు కొట్టుకొచ్చి గట్టు మీదికెక్కితే జనం ఫోటోలు తీస్తారు, వార్తల్లో వస్తుంది, అందరూ మన నదిలో జెయింట్ సాలమాండర్ ఉందని సంతోషిస్తారు. కానీ అది ఇక్కడ వేల ఏళ్లుగా ఉన్నది కాకపోవచ్చు. పోయింది అని ఎవరికీ తెలియకుండానే పోతుంది. అక్వేరియంలో కమో నది నుంచి పట్టి తెచ్చిన సంకర జాతివి కూడా ఉన్నాయి, ఏది ఏమిటో చెప్పే బోర్డులున్నాయి, ఫోన్లో అనువాదం యాప్ పెట్టుకుని ఆ బోర్డులు పూర్తిగా చదవండి, ఈ అక్వేరియంలో చదవాల్సిన బోర్డులంటూ ఉంటే అవే.

దీంట్లో ఇంకో మెలిక ఉంది. చైనా సాలమాండర్లు వాళ్ల సొంత దేశంలో ఇంకా ఘోరమైన పరిస్థితిలో ఉన్నాయి, ప్రకృతిలో దాదాపు లేనట్టే. 2024లో క్యోటో యూనివర్సిటీ పరిశోధకులు డీఎన్‌ఏ పరీక్షలు చేస్తుంటే, చైనాలో ప్రకృతిలో ఇక లేదేమో అనుకుంటున్న దక్షిణ చైనా జెయింట్ సాలమాండర్ జపాన్‌లో బతికి ఉన్నట్టు బయటపడింది. అదే ఏడాది జూలైలో జపాన్ ప్రభుత్వం చైనా జాతిని, సంకరాలని హానికర విదేశీ జాతుల చట్టం కిందికి తెచ్చింది, వాటిని పెంచాలన్నా, తరలించాలన్నా అనుమతి కావాలి. పరీక్షలో స్థానిక జాతి అని తేలితే మైక్రోచిప్ పెట్టి నదిలోకి వదులుతారు. సంకరం అయితే మళ్లీ నదిలోకి వదలరు, బతికినన్నాళ్లూ తొట్టెల్లోనే. అవి యాభై ఏళ్లు బతికే జీవులని పైన చెప్పాను. దాని తప్పేముంది పాపం అనిపిస్తుంది, వదిలేస్తే ఇంకో జాతి మొత్తం పోతుందని కూడా తెలుసు. నాకైతే పట్టి ఉంచడమే సరైన పని అనిపిస్తుంది, కానీ అలా ఉంచినవాటిని బాగా చూసుకోవాల్సిన బాధ్యత, తినడానికని తెచ్చి నదుల పాలు చేసిన మనుషులదే.

సరే, పెంగ్విన్ల దగ్గరికి వద్దాం. వాటి విభాగం రెండంతస్తులుగా ఉంటుంది, కింద నుంచి చూస్తే నీళ్లలో ఈదుతూ కనబడతాయి, పైకెళ్తే రాళ్ల మీద నడుస్తూ కనబడతాయి. మంచు ఎక్కడా ఉండదు. మంచు లేకుండా పెంగ్విన్లేంటి అని మనవాళ్లు కంగారు పడతారు గానీ, ఇవి అంటార్కిటికావి కావు, దక్షిణాఫ్రికా, నమీబియా తీరాలవి. కేప్‌టౌన్ దగ్గర బోల్డర్స్ బీచ్‌లో జనం స్నానాలు చేసే ఒడ్డునే ఇవీ తిరుగుతుంటాయి. ఎండకి తట్టుకోవడానికి కంటి పైన ఈకలు లేని గులాబీ రంగు మచ్చ ఉంటుంది, ఒళ్లు వేడెక్కితే రక్తం అక్కడికి ఎక్కువగా పారి వేడి బయటికి పోతుంది. వేడి ఎక్కువైన రోజు ఆ గులాబీ రంగు ముదురుతుంది, దగ్గరగా నిలబడితే ఒకదానికీ ఇంకోదానికీ ఆ తేడా తెలుస్తుంది. అరుపు మాత్రం గాడిద ఓండ్ర పెట్టినట్టే, అందుకే దీనికి జాకాస్ పెంగ్విన్ అని కూడా పేరు. మొదటిసారి విన్న పిల్లలు ఎక్కడ గాడిద ఉందా అని వెతుకుతారు.

ఈ పెంగ్విన్ల విషయంలో అక్వేరియం వాళ్లు చేసిన పని నిజంగా గొప్పది. ప్రతి పెంగ్విన్‌కీ రెక్కకి రంగురంగుల బ్యాండ్ ఉంటుంది, ప్రతిదానికీ ఒక పేరు, ఆ పేర్లు క్యోటో వీధుల పేర్ల నుంచి తీసుకున్నవి. దానికి తోడు ప్రతి ఏడాదీ ఒక బంధాల పటం వేస్తారు. ఏది ఏదానితో జోడీ, ఏవి విడిపోయాయి, ఎవరి మీద ఎవరికి మనసు, ఏది పక్షుల్ని వదిలేసి కేర్‌టేకర్ వెనకే తిరుగుతోంది, అన్నీ గీతలు గీసి, గుండె బొమ్మలు వేసి పెడతారు. జపాన్‌లో ఆ పటం విడుదలైతే సోషల్ మీడియాలో సందడే సందడి. మా అబ్బాయి ఆ పటం ముందు కూర్చుని ఒక పేరు వెతుక్కోవడం, అద్దం దగ్గరికి పరుగెత్తి ఆ రంగు బ్యాండ్ ఉన్నదాన్ని పట్టుకోవడం, మళ్లీ పటం దగ్గరికి రావడం, అలా ఎంతసేపు ఆడాడో. అరవైకి అటూ ఇటూగా ఉన్న గుంపు వాడికి గుంపులా కాక మనుషుల్లా కనబడింది. ఇంటికొచ్చాక కూడా ఆ జోడీ విడిపోదు కదా అమ్మా అని అడిగాడు. ఈ పెంగ్విన్లు మామూలుగా ఏళ్ల తరబడి ఒకే జోడీతో ఉంటాయి, రెండు గుడ్లు పెట్టి, దాదాపు నలభై రోజులు తల్లీ తండ్రీ వంతులేసుకుని పొదుగుతాయి. అందుకే కథలు అల్లడం కూడా తేలిక. సాలమాండర్ కాపురం ఉన్నది గట్టు కింద, చీకట్లో, తండ్రి ఒక్కడితో. చూపించడానికి అక్కడ ఏమీ దొరకదు.

నీళ్లలోకి దిగితే పెంగ్విన్ ఇంకో ప్రాణి. గట్టు మీద తడబడుతూ నడిచేది, నీళ్లలో రెక్కలు ఆడిస్తూ ఎగురుతున్నట్టే పోతుంది, ఒక్క మలుపుతో అద్దం చివర నుంచి చివరకి చేరిపోతుంది. ఆ వేగం వల్లే దాని వేట కూడా సాలమాండర్ వేటకి పూర్తిగా వ్యతిరేకం. సాలమాండర్ తిండి తన దగ్గరికి వచ్చేదాకా కూర్చుంటుంది, పెంగ్విన్ తిండి కోసం సముద్రంలో పదుల కిలోమీటర్లు పోతుంది. ఒకదాని బతుకు అది ఉన్న ఏటి ముక్క మీద, ఇంకోదాని బతుకు సముద్రంలో చేపల గుంపులు ఎక్కడ తిరుగుతున్నాయన్నదాని మీద ఆధారపడి ఉంది.

పెంగ్విన్ చచ్చిపోతోంది కూడా అక్కడే. దాని ముఖ్య ఆహారం సార్డీన్, ఆంకోవీ, అంటే మన కవళ్లు, నెత్తళ్ల లాంటి చిన్న చేపలు. వాటినే పెద్ద పెద్ద బోట్లు వలేసి ఎత్తుకుపోతున్నాయి, సముద్రం వేడెక్కి ఆ గుంపులు కూడా చోటు మారిపోయాయి. అంతకు ముందు నుంచీ దెబ్బలే. 19వ శతాబ్దంలో ఎరువు కోసం దీవుల మీద పేరుకున్న రెట్టనంతా గీకేశారు, ఆ రెట్టలోనే ఇవి గూళ్లు తవ్వుకునేవి. ఆ తర్వాత గుడ్లు లక్షల్లో ఎత్తుకెళ్లి తిన్నారు. 2000లో ట్రెజర్ అనే ఓడ మునిగి చమురు ఒలికితే 19 వేల దాకా పెంగ్విన్లకి చమురు అంటుకుంది, దాదాపు అంతే సంఖ్యలో మిగతా పక్షుల్ని చమురు తగలకుండా అక్కడి నుంచి తరలించారు. మనుషులు వచ్చి ఒక్కోదాన్ని కడిగి మళ్లీ సముద్రంలో వదిలారు, అలాంటి పని చేయగలిగిన మనుషులు కూడా ఉన్నారని ఇక్కడ చెప్పాలి. అయినా తగ్గుదల ఆగలేదు. 2024 అక్టోబరులో, ఏ ప్రాణికి ఎంత ముప్పుందో జాబితా వేసే అంతర్జాతీయ సంస్థ ఐయూసీఎన్ దీన్ని క్రిటికల్లీ ఎండేంజర్డ్ అనే ఆఖరి మెట్టుకి మార్చింది. గూళ్లు కట్టే జోడీలు పది వేలకి కూడా తక్కువ, పాత సంఖ్యలో 97 శాతం పోయినట్టు. ఇలాగే సాగితే 2035 నాటికి ప్రకృతిలో మిగలవని చెబుతున్నారు. 2025 మార్చిలో దక్షిణాఫ్రికాలో కోర్టు ద్వారా ఒక ఒప్పందం కుదిరింది, ఆరు ముఖ్యమైన స్థావరాల చుట్టూ పదేళ్ల పాటు సార్డీన్, ఆంకోవీ వేట ఆపాలని. కాస్త ఆశ ఉందంటే అదే.

ఇప్పుడు రెండింటినీ కలిపి చూడండి. జపనీస్ జెయింట్ సాలమాండర్ ఐయూసీఎన్ జాబితాలో వల్నరబుల్, అంటే ముప్పు ఉన్న మూడు మెట్లలో మొదటిది. పెంగ్విన్ మూడో మెట్టు మీదుంది. ఆ అద్దం ముందు నవ్వుతూ సెల్ఫీలు తీసుకునే వాళ్లలో ఎంతమందికి ఈ సంగతి తెలుసంటారు? అంత చలాకీగా, అంత గుంపుగా, ఇష్టాలూ అలకలూ పటాలేసుకుని తిరుగుతున్న పక్షి ఆఖరి మెట్టు మీద ఉందని కళ్లు ఒప్పుకోవు. ఇటు సాలమాండర్‌ని చూసినవాళ్లకి అది ఇప్పటికే సగం చచ్చినట్టు అనిపిస్తుంది, కానీ లెక్కల్లో అది పెంగ్విన్ కంటే నయం. అలాగని ధీమాగా ఉండొచ్చా అంటే కమో నది సంగతి చూశారుగా. పెంగ్విన్లని దీవి మీద నిలబడి లెక్కపెట్టొచ్చు, తగ్గితే తెలుస్తుంది, తెలిస్తే కోర్టుకెళ్లొచ్చు. సాలమాండర్‌ని లెక్కపెట్టడానికి రాత్రిపూట నదిలో దిగి, బొరియల్లో చేతులు పెట్టి, ఒక్కోదాన్ని పట్టి, డీఎన్‌ఏ చూడాలి. ఆ పని ఏళ్ల తరబడి చేస్తున్న పరిశోధకులు లేకపోతే ఈపాటికి క్యోటోకి తన నదిలో ఏముందో కూడా తెలిసేది కాదు. అందుకే నా ఓటు, నా టైము రెండూ సాలమాండర్‌కే.

నా కోరిక ఒకటి రాస్తాను. పెంగ్విన్లకి వేసినట్టే సాలమాండర్లకి కూడా ఒక పటం వేస్తే ఎంత బాగుంటుంది! ప్రేమలూ గొడవలూ ఉండకపోవచ్చు, కానీ ఒక్కోదాని ఒంటి మీద మచ్చలు ఒక్కో రకం, పెంగ్విన్ ఛాతీ మీద చుక్కల్లాగే ఏ రెండింటికీ కలవవు. ఇది ఫలానా నదిలో దొరికింది, దీని డీఎన్‌ఏలో ఇది తేలింది, ఇంత బరువుంది అని ఒక్కోదాని కథ పెడితే పిల్లలు ఆ అద్దం దగ్గర కూడా మా అబ్బాయి పెంగ్విన్ల దగ్గర ఆడినట్టే ఆడతారు. పేరు తెలిసిన ప్రాణి గురించి జనం అడుగుతూనే ఉంటారు.

మన దేశంలో వీటిని చూడాలంటే, పెంగ్విన్లు ముంబై బైకుల్లా జూలో ఉన్నాయి, అవి హంబోల్ట్ పెంగ్విన్లు, దక్షిణ అమెరికావి, ఆఫ్రికన్ పెంగ్విన్‌కి చాలా దగ్గర చుట్టాలు. సాలమాండర్ అయితే డార్జిలింగ్ వైపు వెళ్లాలి. హిమాలయన్ సాలమాండర్, మన జానెడు కూడా ఉండదు, ఆ కొండల్లోని చెరువుల్లో ఉంటుంది. డార్జిలింగ్‌లో ఉన్న జూ పేరు పద్మజా నాయుడు హిమాలయన్ జూలాజికల్ పార్క్, అవును, సరోజినీ నాయుడు గారి అమ్మాయి, మన హైదరాబాదులో పుట్టి పశ్చిమ బెంగాల్ గవర్నర్‌గా పనిచేసిన పద్మజ పేరే. తెలుగు రాష్ట్రాల్లో సాలమాండర్ ఎక్కడా లేదు, కాబట్టి మన పిల్లలకి ఈ ప్రాణి అంటూ ఒకటుందని కూడా తెలియదు. క్యోటో వెళ్లినప్పుడు చూపించమనేది అందుకే.

మిగతావి గబగబా. జెల్లీఫిష్ విభాగం చాలా బాగుంది, చుట్టూ గుండ్రటి అద్దం మధ్యలో నిలబడితే అన్ని వైపులా అవే, చంటిపిల్లలున్నవాళ్లు అక్కడ కాసేపు కూర్చోవచ్చు. సముద్రపు నీళ్లన్నీ కృత్రిమంగా తయారుచేసినవే, సముద్రం లేని ఊళ్లో ఇంత పెద్ద అక్వేరియం నడపడం అలాగే సాధ్యమైంది. సీల్స్ ఉన్నాయి, పిల్లలకి నచ్చుతాయి. డాల్ఫిన్ స్టేడియం నుంచి చూస్తే వెనక షింకన్‌సెన్ పోతూ కనబడుతుంది. ప్రదర్శనలు నాకు నచ్చవు కాబట్టి ఎక్కువ చెప్పను, అంత పెద్ద జంతువుని అంత చిన్న కొలనులో చూడడం నాకు ఇష్టం ఉండదు. చివర్లో బయట ఒక చిన్న వరి మడి ఉంటుంది, చుట్టూ కాలువ, అందులో చిన్న చేపలు, కప్పలు, పల్లెటూరి పొలం ఎలా ఉంటుందో చూపించడానికి. అందరూ దాన్ని దాటేసి షాపులోకి పోతారు గానీ, మన గోదావరి వైపు వాళ్లకి అక్కడ కాసేపు కూర్చోబుద్ధవుతుంది. అత్తయ్యగారు ఆ మడిలో నాటు చూసి దుబ్బుల మధ్య ఎడం సరిగ్గా ఉందనేశారు.

షాపులో సాలమాండర్ బొమ్మలు అరచేతిలో పట్టేవి మొదలుకుని పిల్లాడంత పొడుగువి దాకా ఉంటాయి, మెత్తగా, తలగడలా వాడుకోవచ్చు. సూట్‌కేసులో చోటుంటేనే పెద్దది కొనండి. శాకాహారులు మాత్రం లోపలి తిండి మీద ఆశ పెట్టుకోకండి, చేప పులుసు నీళ్లు కలవని పదార్థం జపాన్‌లో ఎక్కడైనా కష్టమే, పులిహోరో పెరుగన్నమో కట్టుకెళ్లి ఉమెకోజి పార్కులో పచ్చిక మీద కూర్చుని తినడం మేలు. శని, ఆదివారాలు విపరీతమైన రద్దీ, మామూలు రోజు మధ్యాహ్నం దాటాక వెళ్తే స్కూలు పిల్లలు కూడా వెళ్లిపోయి ఉంటారు. రెండు, రెండున్నర గంటలు సరిపోతుంది, అందులో కనీసం అరగంట సాలమాండర్లకి పక్కన పెట్టుకోండి. ఒక చిట్కా ఏంటంటే లోపలికి వెళ్లగానే ఒకసారి చూసి, అంతా అయ్యాక మళ్లీ వెనక్కి వచ్చి ఇంకోసారి చూడండి, రెండోసారికి ఆ కుప్పలో ఏది ఎటు జరిగిందో తెలుస్తుంది. ఫ్లాష్ మాత్రం వేయకండి, రెప్పలు లేని కళ్లు అవి.

నా మార్కులు పెంగ్విన్ విభాగానికి ఐదుకి నాలుగున్నర, సాలమాండర్లకి ఐదుకి ఐదు, మొత్తం అక్వేరియంకి నాలుగు. ఇంకా ఆసక్తి ఉన్నవాళ్లు క్యోటోతో ఆపకండి. ఒసాకా నుంచి కింతెత్సు రైల్లో అకమెగుచి దిగి, బస్సులో అకమె జలపాతాల దగ్గరికి వెళ్తే అక్కడ ముఖద్వారంలోనే సాలమాండర్ల కోసం పెట్టిన చిన్న అక్వేరియం ఒకటుంది, దాన్ని దాటుకునే జలపాతాల బాటలోకి వెళ్లాలి. ఆ బాట వెంబడి పారే ఏరు సాలమాండర్‌కి కావలసినలాంటిదే, చల్లటి నీళ్లు, పెద్ద రాళ్లు, కాంక్రీట్ లేని గట్లు. మంచి బూట్లు వేసుకెళ్లండి, వానాకాలంలో ఆ రాళ్లు బాగా జారతాయి.